మల్చింగ్, అంతర పంటలు: దిగుబడి ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గుతుంది

మల్చింగ్ చేయండి (అంటే మొక్కల చుట్టూ నేలని గడ్డితోనో ప్లాస్టిక్ షీట్‌తోనో కప్పండి), అంతర పంట వేయండి (అంటే ప్రధాన పంట సాళ్ళ మధ్య ఇంకో పంట పెంచండి), దిగుబడి పెరుగుతుంది అని వ్యవసాయం గురించి మాట్లాడేవాళ్ళంతా చెప్తుంటారు. మాటలో తప్పేమీ లేదు. కానీ అదే సలహా పాటించిన ఒక పొలంలో పంట కళకళలాడుతుంటే, ఇంకో పొలంలో ఏ తేడా కనిపించదు, మూడో పొలంలో ఆకులు పసుపు తిరిగి అంతకుముందు వచ్చే దిగుబడి కూడా రాకుండా పోతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే ముందు ఆ పొలంలో పంటకి నిజంగా ఏది చాలట్లేదో చూడాలి. నీళ్ళా, నత్రజనా, వెలుతురా, నేల వేడా, లేక కలుపు పోటీనా? చాలనిదాన్ని ఆదా చేసిన చోట ఈ రెండు పద్ధతులూ గట్టిగా పనిచేస్తాయి. పుష్కలంగా ఉన్నదాన్నే ఆదా చేస్తే ఖర్చు తప్ప మిగిలేది లేదు. చాలనిదాన్నే అవి కూడా వచ్చి పంచుకుంటే మాత్రం నష్టమే.

ముందు మల్చింగ్ సంగతి. దీని ప్రధాన లాభం నీళ్ళ దగ్గర. సాళ్ళ మధ్య దూరం ఎక్కువ ఉండే పంటల్లో, మొక్క చిన్నగా ఉన్నన్నాళ్ళూ నేలలోని తేమలో ఎక్కువ భాగం మొక్క తాగకుండానే ఆవిరైపోతుంది. వాన పడ్డాక లేదా తడి పెట్టాక పై మట్టి తడిగా ఉన్న మొదటి రెండు మూడు రోజుల్లో ఈ ఆవిరి చాలా వేగంగా ఉంటుంది, ఎండ ఎంత ఉంటే అంత నీరు లాగేస్తుంది. పైన ఒక పొర పొడిబారాక వేగం తగ్గుతుంది, ఎందుకంటే ఆ పొడి పొరే కింది పదునుకి కప్పుగా మారుతుంది. అంటే మల్చింగ్ ఎక్కువ నీళ్ళు మిగిల్చేది ఆ మొదటి రోజుల్లోనే. కాబట్టి తరచుగా చిన్న చిన్న తడులు పెట్టే పొలంలోనూ, వానలు విడతలు విడతలుగా పడే చోటా లాభం ఎక్కువ. పంట గుబురుగా పెరిగి సాళ్ళు కమ్ముకున్నాక నేల మీద ఎండే పడదు, అప్పుడు గడ్డి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. మల్చింగ్‌ని ఆలస్యంగా, పంట సగం పెరిగాక వేసినవాళ్ళకి ఫలితం కనిపించకపోవడానికి ఇదే పెద్ద కారణం.

వాన చినుకు నేలని కొట్టే దెబ్బ గురించి జనం పెద్దగా ఆలోచించరు. ఖాళీ నేల మీద పెద్ద చినుకులు పడితే మట్టి రేణువులు విడిపోయి, సన్నటి మట్టి రంధ్రాల్లోకి దిగి, ఆరాక పైన పెంకులాంటి గట్టి పొర కడుతుంది. ఆ పొర మీద తర్వాతి వాన ఇంకదు, పారిపోతుంది, పోతూ పోతూ పైమట్టిని పట్టుకుపోతుంది. మొలకలు కూడా దాన్ని చీల్చుకుని రాలేవు. గడ్డి కప్పితే ఆ దెబ్బ గడ్డి మీదే పడుతుంది, నీళ్ళు మెల్లగా జారి నేలలోకి ఇంకుతాయి. వాలు పొలాల్లో ఆవిరి ఆదా కంటే ఇదే పెద్ద లాభం అనిపిస్తుంది. దీనికో మినహాయింపు ఉంది. మందంగా గడ్డి పరిచిన చోట నాలుగైదు మిల్లీమీటర్ల జల్లు పడితే ఆ నీళ్ళన్నీ గడ్డే పీల్చుకుని మళ్ళీ ఆరబెట్టేస్తుంది, నేలకి చుక్క చేరదు. చిరు జల్లులు తప్ప గట్టి వానలు రాని కాలంలో మందం పెంచితే మంచిదన్న లెక్క తలకిందులవుతుంది.

తర్వాతది వేడి. ఎండు గడ్డి, ఆకులు, ఊక ఏది కప్పినా పగటిపూట నేల చల్లగా ఉంటుంది, రాత్రి అంత త్వరగా చల్లారదు. వేసవి ఎండల్లో ఇది వేరుకి ప్రాణం పోసినట్టే. బంగాళాదుంప లాంటి పంటకి నేల చల్లగా, సుమారు 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటేనే దుంప బాగా కడుతుంది కాబట్టి వేడి ప్రాంతాల్లో గడ్డి కప్పిన పంట స్పష్టంగా ముందుంటుంది. అదే గడ్డి చలి ప్రాంతంలో మొక్కజొన్నకి వేస్తే వ్యవహారం వేరు. మొక్కజొన్న మొలిచాక దాదాపు ఆరు ఆకులు వచ్చేదాకా దాని పెరిగే మొన భూమి లోపలే ఉంటుంది. పైన గాలి ఎంత వెచ్చగా ఉన్నా మొక్కకి లెక్క నేల వేడే. నేల చల్లగా ఉంటే మొలక ఆలస్యం, ఎదుగుదల ఆలస్యం, చివరికి గింజ పాలు పోసుకునే దశ కూడా వెనక్కి జరుగుతుంది. అందుకే చల్లటి ప్రాంతాల్లో గడ్డికి బదులు ప్లాస్టిక్ షీట్ వాడతారు. చైనాలో లోయెస్ పీఠభూమి లాంటి చల్లటి, వర్షాధార ప్రాంతాల్లో మొక్కజొన్న సాగు అంత విస్తరించడంలో ప్లాస్టిక్ మల్చింగ్‌ది పెద్ద పాత్ర. అక్కడ చాలనివి రెండు, నీళ్ళు, వేడి. ఆ షీట్ రెండిటినీ ఒకేసారి తీర్చింది.

షీట్ రంగు కూడా ఆషామాషీ విషయం కాదు. పారదర్శకంగా ఉన్న షీట్ నేలని బాగా వేడెక్కిస్తుంది, కానీ వెలుతురు లోపలికి పోతుంది కాబట్టి కింద కలుపు దర్జాగా పెరుగుతుంది. నల్ల షీట్ కలుపుని ఆపుతుంది, నేలని ఓ మోస్తరుగా వేడెక్కిస్తుంది. పైన వెండి రంగు, కింద నలుపు ఉన్న షీట్ ఎండని తిప్పికొడుతుంది, ఆ మెరుపుకి పేనుబంక, తెల్లదోమ, తామరపురుగులు మొక్క మీద వాలడం తగ్గుతుంది. మిరప, టమాటా, పుచ్చ లాంటి పంటల్లో ఈ పురుగులే వైరస్ తెగుళ్ళు మోసుకొస్తాయి కాబట్టి తెగులు కొన్ని వారాలు ఆలస్యంగా వచ్చినా దిగుబడిలో చాలా తేడా వస్తుంది. అయితే మొక్క పెరిగి షీట్‌ని కమ్మేశాక మెరుపు ఉండదు, ఆ రక్షణా ఉండదు. తుంగ ఉన్న పొలంలో షీట్‌ని నమ్ముకోవడం కూడా కష్టమే. దాని మొలక సూదిలా ఉండి ప్లాస్టిక్‌ని పొడుచుకుని పైకి వస్తుంది.

దిగుబడి తగ్గిన కేసుల్లో ఎక్కువగా కనిపించేది నత్రజని సమస్య. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. గోధుమ గడ్డిలో ఒక పాలు నత్రజనికి 80 పాళ్ళ వరకు కర్బనం ఉంటుంది, రంపపు పొట్టులో అయితే అది వందల్లోకి పోతుంది. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి సుమారు 25 పాళ్ళ కర్బనానికి ఒక పాలు నత్రజని చొప్పున ఉంటే సరిపోతుంది. గడ్డిలో అంత నత్రజని లేకపోయేసరికి మిగతాది నేలలోంచి లాక్కుంటాయి, అంటే పంటకి అందాల్సిన దాన్ని అవి ముందు తినేస్తాయి. కొన్నాళ్ళకి అవి చనిపోయాక ఆ నత్రజని మళ్ళీ నేలకే చేరుతుంది, కానీ మొక్కకి అవసరమైన వారాలు అప్పటికే దాటిపోయి ఉంటాయి. ఇక్కడ ఒక చిన్న తేడా ఉంది, దాన్ని పట్టించుకోకపోవడం వల్లే చాలామంది దెబ్బతింటారు. గడ్డిని నేల పైన పరిచి వదిలేస్తే ఈ లాగుడు గడ్డి నేలకి తగిలే పలుచని పొరలోనే జరుగుతుంది, వేళ్ళకి పెద్దగా తగలదు. అదే గడ్డిని మట్టిలో కలిపి దున్ని వెంటనే విత్తితే మొత్తం వేరు పొరలో నత్రజని కొరత వస్తుంది. నాలుగు వారాల మొక్కని దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. కింది ఆకులు ముందు పాలిపోతాయి, పసుపు ఆకు కొసన మొదలై మధ్య ఈనె వెంబడి వెనక్కి వస్తుంది, పై ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. అది తెగులనుకుని మందు కొట్టేవాళ్ళూ ఉన్నారు. పప్పుజాతి పంటల ఆకు, తీగ, పచ్చిరొట్ట లాంటివి కప్పితే ఈ బాధ ఉండదు, అవి త్వరగా కుళ్ళి నత్రజని ఇస్తాయి. కాకపోతే అంతే త్వరగా కరిగిపోతాయి కాబట్టి కప్పు ఎక్కువ రోజులు నిలవదు.

గడ్డి పలుచగా చల్లితే కలుపు ఆగదు. చిన్న గింజల కలుపు మొక్కలు చాలావాటికి మొలవడానికి వెలుతురు కావాలి, ఆ వెలుతురు పూర్తిగా ఆగాలంటే గడ్డి అణిగాక కూడా కనీసం 5 సెంటీమీటర్ల మందం ఉండాలి. ఇంకో పని, మొక్క మొదలు చుట్టూ బెత్తెడు జాగా వదలాలి. తడి గడ్డి కాండాన్ని ఆనుకుని ఉంటే మొదలు కుళ్ళు వస్తుంది, నత్తలు చేరతాయి, చెదలు ఉన్న నేలల్లో అవీ ఎగబడతాయి. మరోపక్క, వాన చినుకుతో మట్టి ఎగిరి కింది ఆకుల మీద పడటం వల్ల వచ్చే తెగుళ్ళు మాత్రం గడ్డి కప్పిన పొలంలో బాగా తగ్గుతాయి. టమాటాలో ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది.

ప్లాస్టిక్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. పంట అయ్యాక షీట్‌ని పూర్తిగా తీయకపోతే ముక్కలు మట్టిలో పేరుకుని నీళ్ళు ఇంకకుండా, వేర్లు పోకుండా అడ్డుపడతాయి, ఆ దిగుబడి లాభం కొన్నేళ్ళకి తిరగబడుతుంది. షీట్ ఎంత పలుచనైతే అంత సులువుగా చిరిగి మట్టిలో మిగిలిపోతుంది. చైనా 2017లో తెచ్చిన ప్రమాణంలో కనీస మందాన్ని 0.008 మిల్లీమీటర్ల నుంచి 0.01 మిల్లీమీటర్లకి పెంచింది, ఏరి తీయడానికి పనికొచ్చేలా షీట్ ఉండాలన్నది అందులో ముఖ్య ఉద్దేశం. చవకని పలుచటి షీట్ కొంటే ఆ మిగిలిన డబ్బు తర్వాత నేల కడుతుంది.

ఇప్పుడు అంతర పంటలు. ఇక్కడ మొదటి గందరగోళం దిగుబడిని ఎలా లెక్కపెట్టాలన్న దగ్గరే మొదలవుతుంది. ప్రధాన పంట ఒక్కదాన్నే చూస్తే అంతర పంట వేసిన పొలంలో అది చాలాసార్లు కొంత తగ్గుతుంది. రెండు పంటల గింజల్ని కలిపి తూస్తే అది కూడా తప్పే, మొక్కజొన్న టన్నుకీ పెసర టన్నుకీ పోలిక లేదు. దీనికోసం మీడ్, విల్లీ అనే ఇద్దరు 1980లో వివరంగా రాసిన కొలత ఒకటుంది, ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో, అంటే భూమి సమానత నిష్పత్తి. ఉదాహరణకి విడిగా వేస్తే మొక్కజొన్న 5 టన్నులు, అలసంద 1 టన్ను వస్తుందనుకుందాం. కలిపి వేసినప్పుడు అదే విస్తీర్ణంలో మొక్కజొన్న 4 టన్నులు, అలసంద 0.4 టన్ను వచ్చాయి. మొక్కజొన్న వాటా 0.8, అలసంద వాటా 0.4, మొత్తం 1.2. అంటే ఒక ఎకరంలో వచ్చిన ఈ రెండు పంటల్ని విడివిడిగా తీయాలంటే 1.2 ఎకరాలు కావాలి. 1 దాటితే భూమి పరంగా లాభం, 1 కంటే తగ్గితే కలపకపోవడమే మేలు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రయోగాల్ని కలిపి చూసిన విశ్లేషణల్లో సగటు 1.2, 1.3 దగ్గర వచ్చింది.

అయితే ఈ సంఖ్యని కూడా కళ్ళు మూసుకుని నమ్మకూడదు. విడిగా వేసిన పంటని సరైన సాంద్రతలో, సరైన ఎరువుతో పెంచకుండా పోలిస్తే నిష్పత్తి ఊరికే పెరిగిపోతుంది. పైగా ఇది కాలాన్ని లెక్కలోకి తీసుకోదు. ఆరు నెలలు నేలని పట్టుకుని ఉన్న జంట పంటని మూడు నెలల పంటతో పోల్చి గెలిచిందంటే అందులో కొంత గెలుపు కేవలం ఎక్కువ రోజులు ఉండటం వల్ల వచ్చింది. నీటి వసతి ఉండి అదే నేలలో ఒకదాని తర్వాత ఒకటి రెండు పంటలు తీయగలిగే చోట ఈ ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి.

కలిపిన పంటలు ఎప్పుడు గెలుస్తాయి? రెండూ ఒకే సమయంలో ఒకే వస్తువు కోసం కొట్టుకోనప్పుడు. దీనికి జొన్న, కంది జంటని మించిన ఉదాహరణ దొరకడం కష్టం. జొన్న సుమారు 100 రోజుల్లో కోతకొస్తుంది. మధ్యకాలిక కంది 160 నుంచి 180 రోజులు తీసుకుంటుంది, పైగా మొదటి నెలన్నర చాలా నెమ్మదిగా పెరుగుతుంది. జొన్న దూకుడుగా పెరిగే రోజుల్లో కంది ఒదిగి ఉంటుంది, జొన్న కోశాక వెలుతురంతా కందిదే, లోతుకి దిగిన వేరుతో నేల అడుగు పదును తాగి కాయ కాస్తుంది. పటాన్‌చెరులోని మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు రావు, విల్లీ 1980లో ఈ జంట మీద 94 ప్రయోగాల ఫలితాల్ని కలిపి చూశారు. పంట పోయినట్టే అని చెప్పదగ్గ ఒక ఆదాయ స్థాయిని పెట్టుకుని చూస్తే, ఒంటరి కంది అయిదేళ్ళకోసారి, ఒంటరి జొన్న ఎనిమిదేళ్ళకోసారి ఆ స్థాయి కంటే కిందికి పడిపోయింది, రెండూ కలిపి వేస్తే 36 ఏళ్ళకోసారి. వర్షాధార రైతుకి సగటు దిగుబడిలో వచ్చే పెరుగుదల కంటే ఈ అంకె ముఖ్యం. అప్పు తెచ్చి పంట పెట్టిన ఇంట్లో పంట పూర్తిగా పోయిన ఒక్క ఏడాది, బాగా పండిన నాలుగేళ్ళని మింగేస్తుంది.

వేరు దగ్గర జరిగేది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. పప్పుజాతి పంట పక్కన ఉంటే అది గాలిలోని నత్రజనిని పట్టి పక్క మొక్కకి ఇస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి అదే సీజన్‌లో పక్క పంటకి నేరుగా చేరేది చాలా సందర్భాల్లో కొంచెమే. అసలు మేలు వేరే దారిలో వస్తుంది. పప్పుజాతి మొక్క తనకి కావలసిన నత్రజనిలో చాలా భాగం వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా ద్వారా తెచ్చుకుంటుంది కాబట్టి నేలలో ఉన్నది ఎక్కువగా ధాన్యపు పంటకే మిగులుతుంది, ఆకు, వేరు కుళ్ళాక వచ్చేది తర్వాతి పంటకి పోతుంది. అందుకే నత్రజని తక్కువున్న నేలలో ఈ జంట బాగా కనిపిస్తుంది. అదే పొలంలో యూరియా గట్టిగా వేస్తే బుడిపెలు తగ్గుతాయి, మొక్కజొన్న ఏపుగా పెరిగి పప్పు పంటని నీడలో ముంచేస్తుంది. చివరికి అంతర పంట పేరుకే మిగులుతుంది.

భాస్వరం విషయంలో మాత్రం పక్క మొక్కకి అదే సీజన్‌లో నిజంగా సాయం అందిన ఉదాహరణలున్నాయి. చైనాలో భాస్వరం తక్కువున్న నేలలో మొక్కజొన్న, ఫాబా బీన్ అనే పప్పుజాతి పంట కలిపి నాలుగేళ్ళు వేసిన ప్రయోగం 2007లో ప్రచురితమైంది. విడిగా వేసిన దాని నుంచి ఆశించే దిగుబడి కంటే మొక్కజొన్న 43 శాతం, ఫాబా బీన్ 26 శాతం ఎక్కువ వచ్చాయి. ఫాబా బీన్ వేరు చుట్టూ మట్టిని ఆమ్లంగా మార్చి, కట్టుబడి ఉన్న భాస్వరాన్ని కరిగిస్తుంది, పక్కనున్న మొక్కజొన్న వేరు కూడా దాన్ని అందుకుంటుంది. కందికి కూడా ఇలాంటి గుణం ఉంది. ఎర్రనేలల్లో ఇనుముతో కట్టుబడి ఉన్న భాస్వరాన్ని కంది వేరు స్రవించే పిసిడిక్ ఆమ్లం విడదీస్తుందని 1990లో ఇక్రిశాట్‌లో జరిగిన పరిశోధన చూపించింది. భాస్వరం సమృద్ధిగా ఉన్న పొలంలో ఈ సాయానికి విలువ ఉండదని వేరే చెప్పక్కర్లేదు.

పురుగులు, కలుపు విషయంలో లాభం జంటని బట్టి మారిపోతుంది. తూర్పు ఆఫ్రికాలో మొక్కజొన్న వేళ్ళకి పట్టే స్ట్రైగా అనే పరాన్న కలుపుని డెస్మోడియం అనే పప్పుజాతి మొక్కని సాళ్ళ మధ్య పెంచి అణిచేస్తున్నారు. డెస్మోడియం వేరు నుంచి వచ్చే రసాయనాలు స్ట్రైగా గింజల్ని మొలిపించి, ఆ మొలక మొక్కజొన్న వేరుని పట్టుకోకుండా అడ్డుకుంటాయి, అది అక్కడే చచ్చిపోతుంది. అలాగని ఏ రెండు పంటలు కలిపినా పురుగు తగ్గుతుందనుకోకూడదు. పత్తిలో బెండ వేస్తే తెల్లదోమకీ పచ్చదోమకీ రెండో ఇల్లు కట్టిచ్చినట్టే. ఒకే పురుగుకి ఆహారమయ్యే పంటల్ని పక్కపక్కన పెట్టకపోవడం అన్నిటికంటే ముందు చూసుకోవాల్సిన విషయం.

అంతర పంట ఓడిపోయే చోట్ల సాధారణంగా కనిపించే తప్పు, ప్రధాన పంట మొక్కల సంఖ్య ఏ మాత్రం తగ్గించకుండా దాని మీద ఇంకో పంటని కుక్కడం. నీళ్ళు సరిపడా ఉన్న చోట ఇది నడుస్తుంది. బెట్ట వచ్చే చోట ఎకరంలో మొక్కలు పెరిగిన కొద్దీ నేలలోని పదును ముందే అయిపోతుంది, సరిగ్గా మొక్కజొన్న పీచు వేసే దశలో నీళ్ళుండవు. అక్కడ ప్రధాన పంట సాళ్ళు కొన్ని తగ్గించి వాటి స్థానంలో రెండో పంట వేయడం క్షేమం. కోత యంత్రాలు, కలుపు మందులు కూడా ముందే ఆలోచించుకోవాలి. ధాన్యపు పంటకి వాడే కలుపు మందులు చాలావరకు పప్పుజాతిని చంపేస్తాయి, యంత్రం రెండు ఎత్తుల పంటల్ని కలిపి కోయలేదు. కూలీలు దొరకని చోట ఇలాంటి ఇబ్బందే మొత్తం లెక్కని తేల్చేస్తుంది.

మరి రెండూ కలిపితే? చాలామంది అంతర పంటని "బతికున్న మల్చ్" అంటారు. నేలని కప్పడం వరకు ఆ మాట సరైనదే, చినుకు దెబ్బని ఆపుతుంది, కలుపుని అణుస్తుంది. కానీ ఎండు గడ్డి నీళ్ళు తాగదు, పచ్చని పంట తాగుతుంది. తేమ సరిపడా ఉన్న చోట రెండూ ఒకేలా పనిచేస్తాయి, తేమ తక్కువైన వారంలో మాత్రం ఒకటి నేలకి కాపలా, ఇంకోటి పోటీదారు. అందుకే నీళ్ళు చాలని పొలాల్లో అన్నిటికంటే బాగా కుదిరే పద్ధతి, త్వరగా కోతకొచ్చే అలసంద, పెసర లాంటి పంటని సాళ్ళ మధ్య వేసి, ప్రధాన పంటకి నీళ్ళు గట్టిగా అవసరమయ్యేలోపే కాయ కోసుకుని, తీగని వేళ్ళతో పీకకుండా మొదలు దగ్గర కోసి అక్కడే పరిచేయడం. అప్పటిదాకా బతికున్న కప్పు, ఆ తర్వాత ఎండు కప్పు. ఆ తీగలో నత్రజని బాగానే ఉంటుంది కాబట్టి పైన చెప్పిన పసుపు సమస్య రాదు, వేరు నేలలోనే ఉండిపోతుంది కాబట్టి మట్టి కదలదు. కోత సమయం పదిహేను రోజులు ఆలస్యమైతే మాత్రం ఈ లెక్కంతా పోతుంది.

ఏ పొలానికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి ఖరీదైన పరీక్షలేమీ అక్కర్లేదు. పొలం మధ్యలో, గట్టుకీ చెట్టు నీడకీ దూరంగా, కొన్ని సాళ్ళకి మల్చింగ్ వేయకుండా, ఇంకొన్ని సాళ్ళలో అంతర పంట లేకుండా వదిలేసి, మిగతా పనులన్నీ ఒకేలా చేస్తే చాలు. రెండో పంట విడిగా ఎంత ఇస్తుందో తెలియాలి కాబట్టి దాన్నొక్కదాన్నే కొన్ని సాళ్ళలో వేయాలి. ఒకే రకం సాళ్ళు పొలంలో కనీసం మూడు చోట్ల ఉండాలి, లేకపోతే మట్టిలో ఉండే తేడానే పద్ధతి తేడాలా కనిపిస్తుంది. తడి పెట్టిన నాలుగో రోజు మధ్యాహ్నం కప్పిన చోటా కప్పని చోటా ఒక జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి చూస్తే, ఉండ కడుతుందో పొడిగా రాలిపోతుందో అప్పుడే తెలిసిపోతుంది. రెండు చోట్లా ఒకేలా ఉండ కట్టిందంటే అక్కడ కొరత నీళ్ళది కాదు, గడ్డి మీద ఖర్చు పెట్టేముందు నత్రజని వైపో కలుపు వైపో చూడాలి. కోత రోజున ఆ సాళ్ళని విడిగా కోసి, గింజని ఒకే తేమకి ఆరబెట్టి, విడిగా తూచి రాసుకోవాలి. ఒక ఏడాది అంకెతో నిర్ణయానికి రాకుండా, కనీసం ఒక మంచి వానల ఏడాదీ ఒక బెట్ట ఏడాదీ చూడాలి, ఎందుకంటే ఈ రెండు పద్ధతుల ఫలితం ఎక్కువగా మారేది ఆ రెండిటి మధ్యనే.